మంచం పక్కన రెండు గంటలు



పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉంచుకుని, "ఇక ఇక్కడ చేసేదేం లేదమ్మా, ఇంటికి తీసుకెళ్ళి చూసుకోండి" అని పంపించేస్తారు. ఈ మాట వినని వీధి మన ఊళ్ళలో ఉండదు. చూసుకోమన్నారు సరే, ఏం చూసుకోవాలి? ఆయన్ని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలనీ, తిప్పకపోతే నడుం కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర చర్మం కమిలిపోయి నాలుగు రోజులు తిరక్కుండానే పుండు పడుతుందనీ ఆ ఇల్లాలికి ఎవరూ చెప్పరు. మూత్రం గొట్టం పెట్టి పంపిస్తారు. దాన్ని ఎన్నాళ్ళకి మార్చాలో, ఎవరు మారుస్తారో చెప్పరు. మంచంలో ఉన్నాయనకి డెబ్బై అయిదేళ్ళయితే, తిప్పాల్సిన ఆవిడకి డెబ్బై. ఆవిడకీ మోకాళ్ళ నొప్పులే. కొడుకు హైదరాబాదులోనో దుబాయిలోనో ఉంటాడు. నెలనెలా డబ్బు పంపిస్తాడు, రోజూ ఫోన్ చేస్తాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. ఎంత ప్రేమ ఉన్నా, ఫోన్లోంచి చెయ్యి చాపి తండ్రిని పక్కకి తిప్పలేడు కదా.

మరి ఆ చెయ్యి ఎవరిది కావాలి? ఈ ప్రశ్నకి మన దేశంలో అందరికన్నా ముందు జవాబు వెతికినవి ఉత్తర కేరళ పల్లెలు. ముఖ్యంగా మలప్పురం జిల్లా. నిలంబూరు, మంజేరి లాంటి ఊళ్ళ చుట్టుపక్కల ఇరవై ముప్ఫై ఏళ్ళుగా నడుస్తున్న వ్యవహారం ఇది. పేరు కాస్త పెద్దది, నైబర్‌హుడ్ నెట్‌వర్క్ ఇన్ పాలియేటివ్ కేర్. అక్కడి జనం అంత పొడుగు పేరు పలకరు. "పాలియేటివ్ వాళ్ళు వచ్చారు" అంటారు, అంతే.

అసలిది మొదలైంది పల్లెలో కాదు, మెడికల్ కాలేజీలో. 1993లో కాలికట్ మెడికల్ కాలేజీ ఆవరణలో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ అని ఒకటి పెట్టారు. పెట్టినవాళ్ళు అక్కడి మత్తు డాక్టర్లు ఎం.ఆర్. రాజగోపాల్, సురేశ్ కుమార్, వారితోపాటు డాక్టరు కాని మిత్రుడు అశోక్ కుమార్. మత్తు డాక్టరు పని ఆపరేషన్ బల్ల మీద రోగికి నొప్పి తెలియకుండా చూడటం. అదే ఆస్పత్రిలో, అదే నొప్పితో, ఏ ఆపరేషనూ చేయలేమని తేల్చేసిన క్యాన్సర్ రోగులు వరండాల్లో మూలుగుతుంటే వాళ్ళ గోడు పట్టించుకునే విభాగమే లేదు. ఈ డాక్టర్లు కదిలింది అక్కడ. జబ్బు నయం కాదని తేలిపోయాక కూడా మనిషికి చేయవలసింది బోలెడుంటుంది. నొప్పి తగ్గించాలి, వాంతులు ఆపాలి, పుండు కడగాలి, నిద్రపట్టేలా చూడాలి, ఇంటివాళ్ళకి ధైర్యం చెప్పాలి. పాలియేటివ్ కేర్ అంటే ఇదీ.

అంతకు ముందు మన దేశంలో ఈ ఆలోచన లేదని కాదు. 1986లోనే బొంబాయిలో శాంతి ఆవేదన సదన్ వెలిసింది. అయితే అది మంచాలున్న భవనం. రోగి అక్కడికి వెళ్ళాలి. కాలికట్ క్లినిక్‌కి కూడా మొదట్లో రోగులే వచ్చేవారు, వయనాడ్ కొండల మీంచీ మలప్పురం పల్లెల నుంచీ బస్సులు మారి మారి. కొన్నాళ్ళకి డాక్టర్లకి ఒక సంగతి అర్థమైంది. వస్తున్నవాళ్ళు కాస్తో కూస్తో కూర్చోగలిగినవాళ్ళు. అందరికన్నా ఎక్కువ అవస్థ పడుతున్నవాళ్ళు రావడమే లేదు, రాలేరు. అప్పుడు ఊళ్ళలో చిన్న చిన్న క్లినిక్కులు తెరిచారు. ఇళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టారు. వెళ్ళి చూస్తే తేలిందేమిటంటే, మంచంలో ఉన్నవాళ్ళందరూ క్యాన్సర్ రోగులు కారు. పక్షవాతం వచ్చినవాళ్ళు, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళు, చెట్టు మీంచి పడి నడుం విరిగినవాళ్ళు. వాళ్ళ పక్కనే, పేరు పెట్టడానికి ఏ జబ్బూ లేకపోయినా కేవలం ముసలితనం వల్ల లేవలేనివాళ్ళు. ఇంతమందిని చూడటానికి డాక్టర్లు ఎంతమంది కావాలి? ఏ ప్రభుత్వం ఇవ్వగలదు?

2000 సంవత్సరం ప్రాంతంలో సురేశ్ కుమార్, ఆయన మిత్రులు లెక్కని తిరగేశారు. మంచాన పడ్డ మనిషికి రోజుకి ఉన్న ఇరవై నాలుగు గంటల్లో డాక్టరుతో పనిపడేది ఎంతసేపు? నెలకి ఏ అరగంటో. నర్సుతో వారానికో గంట. మిగతా కాలమంతా ఆ మనిషికి కావలసింది అన్నం, నీళ్ళు, శుభ్రం, ఆస్పత్రికి వెళ్ళాల్సి వస్తే బండి, మనవడి స్కూలు ఫీజు, పింఛను కాగితం, పలకరించే మనిషి. ఇవి డాక్టరు రాసే మందులు కావు. ఇరుగు పొరుగు చేయగలిగినవే. కాబట్టి దీన్ని వైద్యుల సేవగా కాకుండా ఊరి పనిగా మారుద్దాం అనుకున్నారు. ఊరివాళ్ళు డాక్టరుకి సాయం చేయడం కాదు, ఊరివాళ్ళు నడిపే పనికి డాక్టరు సాయం చేయాలి. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది కానీ, నా దృష్టిలో మొత్తం కిటుకంతా అక్కడే ఉంది.

మనిషిని అడిగింది ఎంత? వారానికి రెండు గంటలు. అంతే. ముందుకొచ్చినవాళ్ళకి 16 గంటల తరగతులు, ఆపైన నాలుగు రోజులు నర్సు వెంట రోగుల దగ్గర పని. ఈ తరగతుల్లో చెప్పేది వైద్యం కన్నా మాట్లాడటం గురించే ఎక్కువ. మంచం పక్కన నిలబడి మాట్లాడకు, కూర్చుని మాట్లాడు. నీ కళ్ళు ఆయన కళ్ళకి సమంగా ఉండాలి. "ఏం ఫరవాలేదు, అంతా సర్దుకుంటుంది" అనకు, సర్దుకోదని ఆయనకి నీకన్నా బాగా తెలుసు. దేవుడి గురించి ఉపన్యాసం ఇవ్వకు. నీకు తెలిసిన ఆకుపసరు సంగతులు చెప్పకు. వాళ్ళింట్లో విన్నది నీ ఇంట్లో కూడా చెప్పకు. ఒకరు రోగిగా, ఒకరు చూడటానికి వచ్చిన మనిషిగా నటించి చూపిస్తారు. మిగతావాళ్ళు తప్పులు పడతారు. మనవాళ్ళు ఎవరినైనా చూడటానికి వెళ్ళి "అయ్యో, ఇంత చిక్కిపోయారేంటి!" అని మొదలుపెట్టే పలకరింపులు గుర్తొస్తే, ఈ 16 గంటలూ తక్కువేననిపిస్తుంది.

ఎవరు చేరారు? బడిపంతుళ్ళు, రిటైరైనవాళ్ళు, ఆటో డ్రైవర్లు, చిన్న దుకాణాలవాళ్ళు, గల్ఫ్‌లో ఏళ్ళు గడిపి తిరిగొచ్చినవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఇళ్ళలో ఉండే ఆడవాళ్ళు. మలప్పురం ప్రతి ఇంటికీ గల్ఫ్‌తో చుట్టరికం ఉన్న జిల్లా. మన నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లాగే. కొడుకులు ఎడారిలో, అమ్మానాన్నలు ఊళ్ళో. అవతల కొడుకు ఎవరి ముసలి తల్లిని చూస్తున్నాడో తెలియదు కానీ, ఇక్కడ తన తల్లిని చూడటానికి ఎవరో ఒకరు వెళుతున్నారని తెలిస్తే అతను ఆ క్లినిక్‌కి డబ్బు పంపడా? పంపించాడు. అయితే గల్ఫ్ డబ్బుతోనే ఇదంతా నడిచిందనుకుంటే పొరపాటు. ఎక్కువ భాగం ఊళ్ళో పోగైన చిల్లర డబ్బే. దుకాణాల్లో హుండీలు, బడుల్లో పిల్లల చందాలు, నెలకింతని ఇళ్ళ నుంచి పోగుచేసే రూపాయలు. పెద్ద దాత ఒక్కడి మీద ఆధారపడితే ఆయన అలిగిన రోజున క్లినిక్ మూతపడుతుంది. వందలమంది చిన్న దాతలుంటే అలకలు లెక్కలోకి రావు. పైగా డబ్బాలో పది రూపాయలు వేసినవాడు ఆ క్లినిక్ ఎలా నడుస్తోందని నిలదీసి అడుగుతాడు. లెక్కలు చూపించాల్సి వస్తుంది.

ఇక ఇంటికి వెళ్ళినప్పుడు జరిగేది చెబుతాను. పొద్దున తొమ్మిదింటికి జీపో వ్యానో బయల్దేరుతుంది. అందులో ఒక నర్సు, ఇద్దరు ముగ్గురు వాలంటీర్లు, ఒక పెద్ద సంచి. సంచిలో గాజుగుడ్డ, దూది, సెలైన్ నీళ్ళు, చేతి తొడుగులు, గొట్టాలు, బీపీ చూసే పరికరం, మాత్రలు. దాంతోపాటు రోగులందరి వివరాలు రాసిన పుస్తకం. బండి ఆగే ఇల్లు ఒక్కోసారి రోడ్డు మీద ఉండదు. రబ్బరు తోటల్లోంచి మెట్లెక్కి నడవాలి. ఇంట్లోకి వెళ్ళగానే నర్సు సంచి విప్పదు. ముందు కూర్చుంటుంది. "ఉమ్మా, రాత్రి నిద్రపట్టిందా?" అని అడుగుతుంది. మలప్పురం ముస్లిం ఇళ్ళలో అమ్మని అలా పిలుస్తారు. ఆ తర్వాతే దుప్పటి తీయడం.

నడుం కింద పుండు ఉందనుకోండి. కొన్ని పుండ్ల వాసన ఇల్లంతా కమ్ముకుంటుంది. ఇంటివాళ్ళే గదిలోకి రావడం తగ్గించేస్తారు. మనవలు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. ఆ ముసలి మనిషికి పుండు నొప్పికన్నా ఇది పెద్ద శిక్ష. నర్సు చేసే పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పుండుని సెలైన్ నీళ్ళతో కడిగి, మెట్రోనిడజోల్ మాత్రల్ని మెత్తగా పొడిచేసి ఆ పొడిని పుండు మీద చల్లుతుంది. విరేచనాలకి మందుల షాపులో దొరికే చవక మాత్రలే అవి. గాలి తగలని చోట పెరిగే సూక్ష్మజీవులు ఆ వాసనకి కారణం. ఈ మందు వాటిని చంపేస్తుంది. కొద్దిరోజుల్లో వాసన తగ్గుతుంది. మనవలు మళ్ళీ మంచం దాకా వస్తారు. కొన్ని రూపాయల ఖర్చు. ఇది తెలియక ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పెద్దవాళ్ళు గదిలో ఒంటరిగా పోయారో!

నర్సు పుండు చూస్తుంటే వాలంటీరు ఊరికే నిలబడడు. మనిషిని పక్కకి తిప్పి పట్టుకుంటాడు. ఎర్రగా కందిన చోట రుద్దకూడదనీ, మోకాళ్ళ మధ్య తలగడ పెట్టాలనీ, మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద గుడ్డ మడత పెట్టి ఎత్తాలనీ, దుప్పటి ముడతలు లేకుండా లాగి పరచాలనీ కోడలికి చేసి చూపిస్తాడు. ఇంకో వాలంటీరు వంటింటి వైపు వెళుతుంది. ఆవిడ కళ్ళు పొయ్యి మీద ఉంటాయి. బియ్యం డబ్బాలో ఏమైనా ఉందా, పిల్లలు బడికి వెళుతున్నారా, ఈ కోడలు ఆఖరిసారి గడప దాటింది ఎప్పుడు? సంపాదించే మనిషి మంచాన పడ్డ ఇంట్లో మందులకన్నా ముందు బియ్యం కావాలి. అందుకే ఈ క్లినిక్కులు బియ్యం, సరుకులు ఇస్తాయి. పిల్లల చదువు ఖర్చు చూస్తాయి. గాలి పరుపులు, వీల్‌చైర్లు, ఆక్సిజన్ యంత్రాలు వాడుకోవడానికిచ్చి, అవసరం తీరాక తెచ్చుకుంటాయి. అవసరం తీరడమంటే చాలాసార్లు ఏమిటో మీకు తెలుసు. ఆ తర్వాత కూడా ఒకసారి వాళ్ళు ఆ ఇంటికి వెళతారు. పరుపు తెచ్చుకోవడానికి మాత్రమే కాదు.

నొప్పి సంగతి వేరే చెప్పుకోవాలి. క్యాన్సర్ ముదిరినప్పటి నొప్పికి పారాసిటమాల్ చాలదు, మార్ఫిన్ కావాలి. నల్లమందు నుంచి తీసే మందు. ఆ నల్లమందుని ప్రపంచానికి ఎగుమతి చేసేంతగా గసగసాల పంటని చట్టబద్ధంగా పండించే దేశం మనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు తీసుకుని పండిస్తారు. ఘాజీపూర్, నీమచ్‌లలో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. కానీ 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం తర్వాత, జైలు భయానికి ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. పండించే దేశంలోనే రోగికి మాత్ర దొరకని పరిస్థితి. రాజగోపాల్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఈ నిబంధనల మీద ఏళ్ళ తరబడి పోరాడారు. కేరళ ముందుగా తన నిబంధనల్ని సడలించింది. 2014లో పార్లమెంటు చట్టాన్నే సవరించింది. నాలుగు గంటలకోసారి వేసే మార్ఫిన్ మాత్రతో, రాత్రంతా మూలిగిన మనిషి లేచి కూర్చుని చాయ్ అడుగుతాడు. మలబద్ధకం చేస్తుంది కాబట్టి దానికి మందు కూడా కలిపి ఇస్తారు. ఇలాంటి చిన్న సంగతులు తెలిసిన నర్సు లేకపోతే ఎంత మంచి మనసున్న వాలంటీరయినా చేయగలిగింది పలకరించి రావడమే.

ఇది మాత్రం గట్టిగా చెప్పాలనిపిస్తోంది. సేవాభావం ఉంటే చాలు అన్నీ జరుగుతాయని మనవాళ్ళు వేదికల మీద అంటుంటారు. జరగవు. సేవాభావంతో నాలుగు వారాలు వెళతారు, అయిదో వారం పనులు గుర్తొస్తాయి. మంచం మీది మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటే చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవడం ఎవరికైనా కష్టమే. మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళబుద్ధి కాదు. అదే, తన వెంట సంచితో నర్సు ఉండి, తను పోయిన వారం చూసిన పుండు ఈ వారం ఎర్రగా మానుతూ కనబడితే, వాలంటీరు ఎవరూ పిలవకుండానే వస్తాడు. మలప్పురంలో ఇది నిలబడటానికి ఆ జిల్లా జనం మనకన్నా మంచివాళ్ళు కావడం కారణం కాదు. వాళ్ళ మంచితనానికి ఒక పనిముట్టు దొరికింది.

ఇంకో కారణం కూడా ఉంది, అది అప్పటికే తయారై ఉన్న నేల. 1990లో ఎర్నాకుళం దేశంలోనే తొలి సంపూర్ణ అక్షరాస్యత జిల్లా అయింది, మరుసటేడు కేరళ రాష్ట్రం మొత్తం. ఆ చదువుల ఉద్యమంలో వేలమంది వాలంటీర్లు సాయంత్రాలు ఊళ్ళు తిరిగారు. 1996లో ప్రజా ప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా పంచాయతీల చేతికి ఇచ్చారు. ఊళ్ళో కమిటీ వేసుకుని, కూర్చుని, లెక్క రాసుకుని పనిచేయడం జనానికి అలవాటైంది. మనకీ అలాంటి ఘట్టం లేకపోలేదు. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత తరగతుల్లోంచే దూబగుంట ఆడవాళ్ళు లేచి సారా దుకాణాలు మూయించారు. వాళ్ళలో ఒకరైన రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. ఊరి ఆడవాళ్ళు తలుచుకుంటే ఏం చేయగలరో మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఎంత పెరిగిందో ఇప్పుడు చెబుతాను. ఒక మెడికల్ కాలేజీ ఆవరణలో మొదలైన పని, 2007 నాటికి అరవైకి పైగా యూనిట్లై కోటీ ఇరవై లక్షల జనాభా ఉన్న ప్రాంతానికి విస్తరించింది. 2008లో కేరళ ప్రభుత్వం పాలియేటివ్ కేర్ విధానాన్ని ప్రకటించింది. ఆసియాలో ఏ ప్రభుత్వమైనా ఇలాంటి విధానం తేవడం అదే మొదలు. ఆ తర్వాత ఒక్కో పంచాయతీ ఒక్కో నర్సుని పెట్టుకుంది. మూడు నెలల ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి బయల్దేరి ఇళ్ళకి వెళుతుంది. ఖర్చు పంచాయతీ నిధుల నుంచి. కేరళలో 941 గ్రామ పంచాయతీలున్నాయి, ఊహించుకోండి. 2010లో ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ అనే సంస్థ నలభై దేశాల్లో అంత్యకాలపు సంరక్షణ ఎలా ఉందో వరసపెట్టి చూస్తే భారతదేశం నలభయ్యో స్థానంలో నిలిచింది. ఆ నివేదికే కేరళని వేరుగా పేర్కొంది. దేశ జనాభాలో మూడు శాతమున్న రాష్ట్రం, దేశం మొత్తమ్మీద అందుతున్న పాలియేటివ్ సేవల్లో మూడింట రెండు వంతులు ఇస్తోందని రాసింది. అదే ఏడు కాలికట్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాలియేటివ్ మెడిసిన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రమైంది. ఇప్పుడు ఏటా జనవరి 15న కేరళ అంతటా పాలియేటివ్ కేర్ దినం జరుపుతారు. హుండీలు పట్టుకుని పిల్లలు వీధుల్లోకి వస్తారు.

ఇదంతా సాఫీగా జరిగిపోలేదు. వైద్యం చదవనివాళ్ళ చేతికి రోగుల్ని అప్పజెబుతారా అని డాక్టర్లే కొందరు మొదట్లో అభ్యంతరం చెప్పారు. అది తీసిపారేయదగ్గ మాట కాదు. అన్ని యూనిట్ల నాణ్యతా ఒకటి కాదు. కొన్నిచోట్ల నర్సు గట్టిది, కొన్నిచోట్ల వాలంటీర్లు గట్టివాళ్ళు, కొన్నిచోట్ల బోర్డు ఒక్కటే గట్టిది. ఉత్తర కేరళలో ఊరినుంచి పుట్టిన పని, దక్షిణాన చాలాచోట్ల ప్రభుత్వ పథకంగా అడుగుపెట్టింది. పథకం వచ్చాక "ఇక ప్రభుత్వం చూసుకుంటుందిలే" అని వెనక్కి తగ్గే వాలంటీర్లుంటారు. జీతం ఉన్న నర్సు నెలకి ఇన్ని ఇళ్ళని లెక్క పూర్తి చేయాలి. కూర్చుని మాట్లాడే తీరిక ఆమెకెక్కడిది? అది చేయవలసిన వాలంటీరు రావడం మానేస్తే, ఇంటి సందర్శన కాస్తా గొట్టం మార్చి వెళ్ళిపోవడమే అవుతుంది. రాజకీయ పార్టీలు సొంత పాలియేటివ్ యూనిట్లు పెట్టుకున్నాయి. ఓట్ల కోసమని కొందరు ముఖం చిట్లిస్తారు. ఓట్ల కోసం పార్టీలు ముసలివాళ్ళ పుండ్లు కడిగే పోటీకి దిగితే, నాకైతే పెద్దగా అభ్యంతరం లేదు. ఇంకొకటి, ఇళ్ళకి తిరిగేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ, కమిటీ కుర్చీల్లో మగవాళ్ళు ఎక్కువ. ఈ మాట మాత్రం కేరళకే పరిమితం కాదు.

ఇదంతా కేరళ సంగతి, మనకెందుకు అనుకోవడానికి లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం కేరళలో అరవై దాటినవాళ్ళు 12.6 శాతం, దేశం మొత్తమ్మీద 8.6 శాతం. కేరళ మనకన్నా ముందు ముసలిదైంది, అంతే తేడా. తెలుగు రాష్ట్రాలూ అదే దారిలో నడుస్తున్నాయి. గోదావరి జిల్లాల్లో పెద్ద పెద్ద మండువా ఇళ్ళలో ఇద్దరే మనుషులు, వాళ్ళకి తోడు సీసీ కెమెరాలు. అమెరికాలో కొడుకు ఆ కెమెరాలో చూసి, నాన్న మంచం మీంచి లేవలేదేమని పక్కింటికి ఫోన్ చేస్తాడు.

మనదగ్గర ఏమీ జరగడం లేదనడం అన్యాయం. హైదరాబాదులో ఎంఎన్‌జె క్యాన్సర్ ఆస్పత్రి పాలియేటివ్ విభాగం ఏళ్ళ తరబడి పనిచేస్తోంది. తెలంగాణలో చేవెళ్ళ లాంటిచోట్ల ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే పాలియేటివ్ వార్డులు తెరిచారు. అక్కడి నుంచి బండి ఇళ్ళకి వెళుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖున పింఛను గుమ్మం దగ్గరికొస్తోంది. ఇదివరకు వాలంటీర్లు తెచ్చేవారు, ఇప్పుడు సచివాలయం ఉద్యోగులు తెస్తున్నారు. పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకి 2024 నుంచి నెలకి 15,000 రూపాయలు చేశారు. మంచి మాటే. కానీ డబ్బు తెచ్చిన మనిషి గుమ్మం దగ్గర వేలిముద్ర తీసుకుని వెళ్ళిపోతాడు. అతనికి అంతే పని చెప్పారు. లోపలికెళ్ళి దుప్పటి ఎత్తి చూసే పని ఎవరికీ చెప్పలేదు.

ఆ పని చెప్పడానికి మనకి మనుషులు లేరా? ప్రతి ఊళ్ళో ఆశా కార్యకర్త ఉంది, ఏఎన్‌ఎం ఉంది. డ్వాక్రా సంఘాలున్నాయి. వారం వారం కూర్చుని పొదుపు లెక్కలు రాసే ఆ ఆడవాళ్ళకి క్రమశిక్షణ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలున్నారు. లేనిది ఆ సంచి పట్టుకుని వెళ్ళే నర్సు, నర్సుకి జీతం ఇచ్చే ఏర్పాటు. పంచాయతీ ఇస్తుందా, ఆరోగ్య శాఖ ఇస్తుందా, అమెరికాలో ఉన్న ఊరివాళ్ళు కలిసి ఇస్తారా అన్నది తేలాలి. అమెరికా తెలుగువాళ్ళు ఊరికి గుడి కట్టిస్తున్నారు, స్కూలుకి గదులు కట్టిస్తున్నారు, రామాలయం మీద పేర్లు చెక్కించుకుంటున్నారు. ఒక నర్సు జీతం, ఒక పాత బండికి డీజిలు, ఒక అలమరా నిండా గాజుగుడ్డ అంతకన్నా ఖరీదు కావు. పేరు చెక్కించుకోవడానికి గోడ మాత్రం దొరకదు.

ఆ ఏర్పాటు జరిగేలోపు, ఇంట్లో పెద్దవాళ్ళు ఇబ్బంది పడుతుంటే, వాళ్ళని ఎవరైనా వేధిస్తుంటే, ఏ కార్యాలయానికి వెళ్ళాలో తెలియకపోతే 14567 అనే నంబరుకి ఫోన్ చేయవచ్చు. దేశమంతటా పనిచేసే ఎల్డర్‌లైన్ అది, డబ్బులు పడవు. అది కాక మరొకటి చేయవచ్చు. మీ ఊరి ఆశా కార్యకర్తని కూర్చోబెట్టి అడగండి, మంచం మీంచి లేవలేనివాళ్ళు మన ఊళ్ళో ఎంతమంది అని. ఆమె పుస్తకం తెరవక్కర్లేదు, వీధి వీధీ చెప్పేస్తుంది. ఆ పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. పేరు పక్కన ఆ మనిషిని చూసుకుంటున్నదెవరో, వాళ్ళ వయసెంతో కూడా రాయండి. వచ్చే గ్రామసభలో సర్పంచి గారికి ఇవ్వాల్సిన కాగితం అదే.